తోక ఊగితే సంతోషమట

1

అక్కా,

ముందు నా రాతకు ఏమీ అనుకోకు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఎప్పటికీ తెలియలేదని నీకు తెలుసు. మూడో తరగతితో పిల్లివాళ్ళ బడి మూసేశారు కదా. బస్తాలు కాచే జాతికి అంతకన్నా చదువెందుకు అన్నారు. దస్తూరీ కూడా బాగుండదు. కలం గట్టిగా పడితే గోరు బయటికొచ్చి కాగితం చిరుగుతుంది. ఈ కాగితం ఎండుచేపలు చుట్టి తెచ్చింది, వాసన వస్తే తిట్టుకోకు. వీలైనప్పుడల్లా కాస్త కాస్త రాసి, ఉప్పు బండి తోలే గాడిద దానయ్య చేతికి ఇస్తాను. ఉప్పు బస్తా అడుగున పెడితే కుక్కదొరలు వాసన పట్టలేరని అతను చెప్పాడు.

నాకు ఈ నెల రిబ్బను వచ్చింది. మా పేటలో మొదటి తోక నాదేనట. ఎర్ర రిబ్బను, దానితో పాటు నెలంతా రోజుకో గ్లాసు పాలు ఎక్కువ.

నువ్వు పెళ్ళి చేసుకుని ఉప్పు మడుల వైపు వెళ్ళాక ఇక్కడ కూడిక రోజూ పెడుతున్నారు. సాయంత్రం గంట కొట్టగానే అందరం మైదానంలో నిలబడాలి. ఎదురుగా యజమాని కుర్చీ ఖాళీగా ఉంటుంది. దాని ముందు గాజుపెట్టెలో ఆయన చెప్పు ఒకటి. రెండోది దొరకలేదట. పక్కనే ఆయన గొంతు దాచిన పెట్టె ఉంటుంది. అది ఎండ పలకలతో నడుస్తుంది, ఆ పలకలు తుడవడం కోతివాళ్ళ పని. పెట్టె ఎప్పుడూ నాలుగే మాటలు చెబుతుంది. "ఎవరదీ? రా, రా. కూర్చో. మంచివాడివి." అంతే. యజమానులు ఎప్పుడు వెళ్ళిపోయారో, ఎందుకు వెళ్ళిపోయారో ఎవరికీ తెలియదు. తిరిగి వస్తారని, వచ్చేదాకా రాజ్యాన్ని కాపలా కాయాలని కుక్కదొరలు అంటారు. ఆ గొంతు వినగానే ముసలి కుక్కలు కూడా ఏడుస్తారు. వాళ్ళ తోకలు ఆగవు.

మా వెనక తోకచూపరులు వంగి తిరుగుతూ ఉంటారు. నోరు అబద్ధమాడుతుంది కానీ తోక ఆడదని వాళ్ళ నమ్మకం. ఎవరి తోక ఊగిందో, ఎవరిది ఊగలేదో రాసుకుంటారు. గొర్రెవాళ్ళు పాపం తోక చిన్నదై బాగా నష్టపోయారు.

మన సంగతి నీకు చెప్పక్కర్లేదు. మనకు తోక విసురుకునేది కోపం వస్తేనే. అది కుక్కవాళ్ళకు తెలియదు. వాళ్ళకు ఊగే తోకకు ఒకటే అర్థం. అందుకే మన వీధిలో కూడిక గంటకు ముందు ప్రతి ఇంట్లో గొడవలు మొదలవుతాయి. అత్తలు కోడళ్ళను గిచ్చుతారు, మొగుళ్ళు కూర బాగాలేదంటారు. పాల కోసమే. మా అత్త ఆ రోజు చేపతల విషయంలో మొదలుపెట్టి మా అమ్మ దాకా వెళ్ళింది. నేను మాటకు మాట చెప్పలేనని నీకు తెలుసు. లోపలే పెట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. తోక దాని పని అది చేసుకుంది.

తిరిగి వస్తుంటే పక్కింటి గవ్వమ్మ పిన్ని నవ్వింది.

"ఇవాళ ఎవరే నిన్నంత బాగా తిట్టింది? రిబ్బను కొట్టుకొచ్చావు."

"ఇంకెవరు పిన్నీ."

"మా కోడలికి ఎంత తిట్టినా కోపం రాదే. దాని ఖర్మ, నా పాలు."

నీ మరిది కూడా నవ్వారు. రిబ్బను తీసి తన మెడకు చుట్టుకుని, "ఎవరదీ? రా, రా" అన్నారు. అత్త కిటికీ మూసేసింది.

2

ఇక్కడ బొచ్చు రాలే నెల మొదలైంది. రాలినదంతా ఏరి ఉతికి వడుకుతున్నాను. మన ఆనవాయితీ తెలుసు కదా, పెళ్ళైన మొదటి ఏడు పెళ్ళాం తన బొచ్చుతో మొగుడికి కండువా నేయాలి. నాది చలికాలం ముందే అయిపోయింది. బూడిద రంగు మీద తెల్ల చారలు. ఆయన గిడ్డంగి కాపలాకు అదే కప్పుకుని వెళతారు. ఇప్పుడు వడికేది అత్త మోకాళ్ళకు.

ఒక సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చుంచువాళ్ళ పేర్లు జనాభా పుస్తకంలోంచి కొట్టేశారు. కొట్టేశాక వాళ్ళు జనం కారట, ఎలుకలట. గింజలు తరిగిపోయేది వాళ్ళ వల్లేనని పెట్టె పక్కన నిలబడి చెప్పారు. గిడ్డంగిలో ఊడ్చే గింజమ్మ మొన్నటిదాకా నీ మరిదిని అన్నా అని పిలిచేది. పోయిన వానాకాలంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని నాతో పేలాలు తింది. ఇప్పుడు ఆమె ఎక్కడుందో అడగకూడదు.

గిడ్డంగుల కాపలా పిల్లివాళ్ళందరినీ పిలిచారట. నేల కింద దాక్కున్న వాళ్ళను వాసన పట్టి చూపించాలి. కుక్కదొర వెన్ను తట్టి, "మీ జాతికి ఇది పండగ కదా" అన్నాడట.

"మీరేమన్నారు?" అని అడిగాను.

"నాకు ఆకలిగా లేదండీ అన్నాను."

ఆయన నవ్వుతూనే చెప్పారు. అత్త నవ్వలేదు.

"నోరు మూసుకుని ఏం చెబితే అది చెయ్యరా. లోకంలో నువ్వొక్కడివే పుట్టలేదు."

"చేశానమ్మా. వెతికాను. కింద ఎవరూ లేరని వేలిముద్ర వేసి వచ్చాను."

అప్పుడు చూశాను, ఆయన భుజం మీద కండువా లేదు. ఎక్కడని అడిగితే మరిచిపోయానన్నారు.

3

తీసుకుపోయారు.

పొద్దున పాల వరుసలో ఉన్నాను. ముందున్న వాళ్ళు ఒక్కొక్కరే నా వైపు తిరిగి మళ్ళీ అటు తిరిగిపోతున్నారు. ఏమిటని అడగడానికి నాకు నోరు రాలేదు. గవ్వమ్మ పిన్ని వచ్చి నా గిన్నె లాక్కుని, "ఇంటికి పో. నీ పాలు నేను తెస్తా" అంది.

ఇంటికి వచ్చేసరికి నలుగురు కుక్కదొరలు ఉన్నారు. మర్యాదగానే ఉన్నారు, కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చారట. ఒకడు నా దగ్గరికి వచ్చి నా మెడ దగ్గర, చేతుల దగ్గర వాసన చూశాడు. నేను గోడకు అతుక్కుపోయాను. తరువాత సంచిలోంచి కండువా తీసి చూశాడు. నా కండువా. నలిగి, చివర పిల్లలు నమిలినట్టు ఉంది.

"నీదేనామ్మా ఇది?"

అత్త నా బదులు చెప్పబోయింది. అక్కర్లేదన్నాడు. వాసన వాళ్ళకు చెప్పేసింది.

గిడ్డంగి నేల కింద గింజమ్మ, ఆమె ముగ్గురు పిల్లలు దొరికారట. చలికి పిల్లలను ఆ కండువాలో చుట్టి ఉంచిందట. వాళ్ళను ఏం చేశారో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. ఆయనను మాత్రం మా ఇంటి వెనక గుమ్మం దగ్గరే పట్టుకున్నారు. వెళ్ళేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. చూస్తే నన్నూ కలుపుతారని కాబోలు. అప్పుడలా అనిపించలేదు. అప్పుడు నాకు కనిపించింది ఆ కండువా ఒక్కటే. నా ఒంటి బొచ్చు అక్కా. నెలల తరబడి వడికి నేసినది. వెళ్ళి ఎవరి పిల్లలకో చుట్టి, నాతో మరిచిపోయానని చెప్పారు.

వాళ్ళు వెళ్ళిపోతుంటే నా తోక నేలను కొడుతూనే ఉంది. చివరివాడు అది చూసి మెచ్చుకోలుగా తలూపాడు.

4

కచేరీకి రమ్మని కబురు వచ్చింది. మేక గుమాస్తా ఒకాయన కాగితం మూల నములుతూ నాకు చట్టం చెప్పాడు. నేను తలొంచుకుని విన్నాను. వెంట వచ్చిన అత్త అన్నీ రెండుసార్లు చెప్పించుకుంది.

తీర్పు రోజు ఇంటివాళ్ళు న్యాయపీఠం ముందు నిలబడాలి. శిక్ష చదువుతారు. చదివాక పెట్టె తెరుస్తారు. ఆ నాలుగు మాటలు మొదలై పూర్తయ్యేదాకా తోకచూపరి ఇంటివాళ్ళ తోక చూస్తాడు. తోక ఊగితే ఆ ఇంటికి ఈ శిక్ష సంతోషమేనని అర్థం. అప్పుడు ముద్దాయిని గోడ అవతలికి పంపుతారు. గోడ అవతలి నుంచి ఎవరూ రాలేదని నీకు తెలుసు. తోక ఊగకపోతే ఇంటివాళ్ళు దుఃఖంలో ఉన్నారని అర్థం. ఇల్లు ఏడుస్తుంటే యజమాని ఓర్చుకోలేడట. అందుకని చెవి కోసి ఇంటికి పంపేస్తారు.

"దయగల చట్టం" అన్నాడు గుమాస్తా.

"అయితే నేను నిలబడతానయ్యా" అంది అత్త.

ఆయన వంగి ఆమె వెనక్కి చూశాడు. అత్త తోక చిన్నప్పుడే బండి చక్రం కింద పడి పోయింది. నాలుగు వేళ్ళంత మొండి మిగిలింది.

"ఇది లెక్కకు రాదమ్మా. కోడలే నిలబడాలి."

బయటికి వచ్చాక అత్త నా పక్కనే నడిచింది. దారి మధ్యలో ఆగి, ఎప్పుడూ లేనిది, నా తల మీద అంటుకున్న గడ్డిపోచ తీసేసింది.

ఒక్క తోక కదలకుండా ఉంచితే చాలు, ఆయన ఇంటికొస్తారు. ఒక చెవి లేకుండా. చెవి లేకపోతే ఏమవుతుంది అక్కా. ఆ పని రాయి కూడా చేస్తుంది. నేను చెయ్యగలనా అన్నదే నా భయం. మన తోకలు మన మాట వినవు.

5

రోజూ మధ్యాహ్నం సాధన చేయిస్తున్నారు. అత్త గోనెపట్టా భుజాన కప్పుకుని, గొంతు బొంగురు చేసి, పీఠం మీద కూర్చునే జాగిలరాయుడిలా చదువుతుంది. గవ్వమ్మ పిన్ని నా వెనక పీట వేసుకుని తోక చూస్తుంది.

"ముద్దాయి చారప్ప. రాజ్యం ఉప్పు తిని..."

"కదిలింది" అంటుంది పిన్ని.

"లేదు పిన్నీ."

"కొస కదిలింది. కొస కూడా తోకేనే. మళ్ళీ మొదలుపెట్టు వదినా. ఈసారి ఇంకా మొరుగుతున్నట్టు చదువు."

"నాకు మొరగడం రాదే. మా వంశంలో లేదు."

"అడ్డమైన మాటలన్నీ వచ్చు గానీ."

ఇద్దరూ నవ్వుతారు. నేనూ నవ్వాను ఒకసారి. తరువాత అత్త గోనె ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చాలా రకాలుగా చూశాం. రాయి కట్టడం కుదరదు, తోక ఖాళీగా ఉండాలని నిబంధన. గంటసేపు తోక మీద కూర్చుంటే తిమ్మిరెక్కింది కానీ లేచాక ఇంకా ఎక్కువ కొట్టుకుంది. కుప్పింటి వేరు నమిలితే మత్తుగా ఉంటుంది, కానీ ఆ వాసన కుక్కదొరలు వీధి చివరి నుంచే పడతారు. చివరికి అత్తే చెప్పింది, "నీకు ఎక్కడ సుఖంగా ఉండేదో అది తలుచుకో. మా ఇల్లు తలుచుకోకు."

నేను మన పాత ఇల్లు తలుచుకున్నాను. అమ్మ పొయ్యి ఆర్పాక మనిద్దరం ఆ వెచ్చటి గట్టు మీద పడుకునేవాళ్ళం. నువ్వు నా చెవి నాకి శుభ్రం చేస్తూ అక్షరాలు పలికించేదానివి. అది తలుచుకుంటే గొంతులో గురగుర మొదలవుతుంది, తోక పడుకుంటుంది. అత్త రాజద్రోహి అన్నా, దొంగ అన్నా, ఎలుకల తమ్ముడు అన్నా కదల్లేదు. మూడు రోజులు వరసగా కదల్లేదు. పిన్ని తన కోడలిని కూడా పిలిచి చూపించింది.

నా మొగుడిని తిడుతుంటే గురగురలాడుతూ నిలబడటం నేర్చుకున్నాను. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

6

వీధి పెద్ద బూడిదయ్య తాతగారు వచ్చారు. వెంట ఇంకో ముగ్గురు పెద్దలు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు. అత్త పీటలు వేసింది. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఇలా రామ్మా అని పిలిచారు.

"సాధన బాగా సాగుతోందని విన్నాను తల్లీ. మంచిది. నువ్వు నిలబెట్టుకుంటావు."

తలూపాను.

"ఒకవేళ, ఒకవేళే, తోక కదిలిందనుకో. నీ నోటి వెంట ఒక మాట రాకూడదు. ఇది సంతోషం కాదు కోపం అని అనకూడదు. అర్థమైందా?"

అత్త మధ్యలో వచ్చింది. "అది నోరు తెరిచే పిల్ల కాదు బాబాయ్."

"నాకు తెలుసమ్మా. ఆపదలో నోరు లేనివాళ్ళకే నోరు వస్తుంది." ఆయన మళ్ళీ నా వైపు తిరిగారు. "ఆ ఒక్క మాట వాళ్ళ చెవిన పడితే ఇన్నేళ్ళ లెక్క తిరగబడుతుంది. మన వీధికి వచ్చిన రిబ్బన్లన్నీ ముందు వేసుకుని కూర్చుంటారు. ఇన్నేళ్ళూ వీళ్ళు మా మీద కోపంతో నిలబడ్డారా అంటారు. చుంచువాళ్ళ పేర్లు కొట్టడానికి ఎంతసేపు పట్టిందో చూశావు కదా."

ఆయన కర్ర పక్కన పెట్టారు.

"నీ మొగుడు నా చేతుల్లో పెరిగాడు. మంచివాడు. వాడొక్కడు తల్లీ. వీధి చూడు ఎంతుందో."

 ఆయన అన్నది తప్పు కాదు. నా తోక మాత్రం గుమ్మానికి తగిలి చప్పుడైంది. ఒకసారి కాదు. అక్కడున్న వాళ్ళంతా పిల్లివాళ్ళే, తోక చదవలేని వాళ్ళెవరూ లేరు. అందరూ ఒకేసారి నేల వైపు చూశారు. బూడిదయ్య తాత కర్ర అందుకుని లేచారు.

"సాధన ఇంకొంచెం చేయించమ్మా" అని అత్తతో చెప్పి వెళ్ళిపోయారు.

7

తీర్పుకు ముందు ఒకసారి చూడనిచ్చారు. ఇనుప జల్లెడకు ఇటు నేను, అటు ఆయన. చిక్కిపోయారు. మీసాలు ఒక పక్క విరిగి ఉన్నాయి.

"సాధన చేయిస్తున్నారటగా" అన్నారు.

"ఊఁ."

"అమ్మ జాగిలరాయుడి వేషమా? అది చూడలేకపోయానే."

నాకు నవ్వు రాలేదు. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"నా కండువా ఎందుకిచ్చారు?"

ఆయన జల్లెడ కన్నాల్లో వేళ్ళు పెట్టారు. "చలిగా ఉంది సన్నా అక్కడ. చిన్నది వణుకుతోంది. నా దగ్గర వెచ్చగా ఉన్నది అదొక్కటే."

"గోనెసంచి ఉంది. గిడ్డంగి నిండా గోనెసంచులే."

ఆయన కాసేపు ఆలోచించారు. నిజంగా ఆలోచించారు, ఆ మాట అప్పుడే తట్టినట్టు.

"గోనెసంచి ఇవ్వచ్చు. అవును. తట్టలేదు."

"మీ కోసం నేశాను అది."

"తెలుసు. అందుకే అంత వెచ్చగా ఉంది."

నా తోక అటూ ఇటూ కొడుతోంది. ఆయన జల్లెడలోంచి చూశారు. మనవాడు కదా, అంతా తెలుసు. "కోపం వచ్చిందా?" అన్నారు మెల్లగా. "అక్కడ మాత్రం వద్దు. అక్కడ నా వైపు చూడకు, నేల వైపు చూడు. ఇంటికి వచ్చాక ఎంత కావాలంటే అంత తిట్టు. ఒక్క చెవితో వింటా, సగమే తగులుతుంది."

కాపలా కుక్క దూరం నుంచి మా ఇద్దరినీ చూసి కళ్ళు తుడుచుకుంటున్నాడు. పెళ్ళాం తోక ఊపుతోందని, మొగుడిని చూసి ఎంత సంతోషపడుతోందోనని.

8

నిన్న తీర్పు. రాయడానికి చెయ్యి రాలేదు. ఇవాళ రాస్తున్నాను.

వీధి వీధంతా వచ్చింది. పిల్లివాళ్ళను వెనక తాడు అవతల నిలబెట్టారు. అత్త వాళ్ళతో ఉంది. నేనొక్కదాన్నే ముందు. ఆయన ఎడమ పక్క, కాళ్ళకు గొలుసు. చెప్పినట్టే నేల వైపు చూశాను.

జాగిలరాయుడు చదివాడు. ముసలివాడు, చెవులు వేలాడుతుంటాయి, గొంతులో గరగర ఉంటుంది. అత్త చేసిన వేషం అచ్చు ఆయనలాగే ఉంది. చదివినదంతా చెప్పను. నీ మరిది గింజలు దొంగిలించి చుంచువాళ్ళకు అమ్మాడన్నాడు. అబద్ధం. పొయ్యిగట్టు తలుచుకున్నాను. గింజమ్మను ఉంచుకున్నాడన్నాడు. అబద్ధం. నీ నాలుక నా చెవి మీద ఉన్నట్టు, అ ఆ అంటున్నట్టు తలుచుకున్నాను. ఎలుకలను వదిలించుకున్నాం, రాజ్యం శుభ్రమైంది అన్నాడు. అప్పుడు వదిలించుకున్నాం అనే మాటకు ఏమిటి అర్థమో నాకు తెలిసిపోయింది. కానీ తోక కదల్లేదు. గోడ అవతలికి అని శిక్ష చదివాడు. కదల్లేదు అక్కా. గొంతులో గురగుర నాకే వినిపిస్తోంది.

పెట్టె తెరిచారు. తోకచూపరి నా వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతని ఊపిరి తోకకు తగులుతోంది.

"ఎవరదీ?" అంది పెట్టె.

కదల్లేదు.

"రా, రా."

కదల్లేదు. వెనక తాడు దగ్గర ఎవరో ఊపిరి వదిలారు.

అప్పుడు జాగిలరాయుడు పీఠం దిగి నా దగ్గరికి వచ్చాడు. కళ్ళ నిండా నీళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అదే నాకు భరించలేనిది. నా నిశ్చలమైన తోక చూసి ఆయన మనసు కరిగిపోయింది. "కూర్చో" అంది పెట్టె. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. నిమిరి, చెవి వెనక వేళ్ళతో గీరాడు, యజమాని తమకు చేసేవాడని వాళ్ళు చెప్పుకునేటట్టు.

"ఏడవకు. చెవి కోసి వాణ్ణి నీకే ఇచ్చేస్తాంలే. ఇక నుంచి కూర్చోమంటే కూర్చోవడం నువ్వే నేర్పు వాడికి." తరువాత పెట్టెతో పాటు, దాని గొంతులో గొంతు కలిపి, "మంచిపిల్లవి" అన్నాడు.

నేను ఆపలేదు అనుకోకు. ఆపడానికి అక్కడ నేను లేను. తోక లేచి ఎంత గట్టిగా విసిరిందంటే తోకచూపరి ముక్కుకు తగిలి అతను వెనక్కి పడ్డాడు.

"ఊగిందండీ" అన్నాడు లేస్తూ. ముక్కు పట్టుకుని నవ్వుతున్నాడు. "పెట్టె ఆగకముందే ఊగింది. ఇంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు."

జాగిలరాయుడు ముందు తెల్లబోయాడు. తరువాత ఆయన తోక కూడా ఊగడం మొదలైంది. "చూశారా. మొగుడికన్నా యజమాని మాటే గొప్ప ఈ పిల్లకు" అన్నాడు అందరితో.

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను అక్కా. ఇది సంతోషం కాదు, కోపం. నాలుగు మాటలు. నాలుక మీద ఉన్నాయి. వెనక్కి తిరిగాను, అత్త కోసమేమో. తాడు అవతల మన వీధి మొత్తం నిలబడి ఉంది. ఒక్క తోక కూడా ఊరికే లేదు. గవ్వమ్మ పిన్నిది, ఆమె కోడలిది, చంటిపిల్లలవి, అన్నీ విసురుకుంటున్నాయి. చూపరులు వరసల మధ్య పరుగెడుతూ ఆనందంగా రాసుకుంటున్నారు. బూడిదయ్య తాత నన్నే చూస్తున్నారు. ఆయన తోక కూడా నేలను బాదుతోంది. అత్త మొండి తోక అక్కడే, నాలుగు వేళ్ళంత, వణుకుతోంది.

నోరు మూసుకున్నాను.

నేల వైపు చూడమన్నారు నీ మరిది. అప్పుడు మాత్రం ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే నా వైపు చూస్తున్నారు. కోపంగా లేరు. ఆయన తోక నిట్టనిలువుగా పైకి లేచింది, కొస కాస్త వంగి. ఇంటికి వచ్చినప్పుడల్లా గుమ్మంలో నన్ను చూసి అలాగే పెట్టేవారు. మనవాళ్ళలో దానికి ఏమిటి అర్థమో నీకు చెప్పాలా.

ముద్దాయి పొగరుగా తోక ఎత్తాడని రాసుకున్నారు. వెంటనే గోడ వైపు నడిపించారు.

9

ఉప్పు బండి రేపు వస్తుందట, అందుకని ముగిస్తున్నాను.

ఇంటికి పాలు వస్తున్నాయి. ఏడాదంతా వస్తాయట. పెద్ద రిబ్బను, దాని మీద బంగారు రంగు ఎముక బొమ్మ. కూడిక మైదానంలో నా బొమ్మ గీయించి పెట్టారు, తోక పైకి విసిరి ఉన్నట్టు. కొత్తగా పెళ్ళైన పిల్లలను తీసుకొచ్చి చూపిస్తున్నారు. వచ్చే నెల నుంచి పేట పేటకూ వెళ్ళి నిలబడి చూపించాలని కబురు పంపారు. మాట్లాడక్కర్లేదట. సిగ్గు ఎక్కువని వాళ్ళకు తెలుసు.

అత్త నన్ను తిట్టడం మానేసింది. కూడికకు ముందు ఎవరూ నన్ను గిచ్చక్కర్లేదు ఇప్పుడు. మొదటి రోజు పాలు కాచి ఇద్దరికీ పోసింది. ఇద్దరం గ్లాసులు ముందు పెట్టుకుని మీగడ కట్టేదాకా కూర్చున్నాం.

"గోనెసంచి తట్టలేదన్నాడా వాడు?" అని అడిగింది.

"అవునత్తా."

"చిన్నప్పుడూ అంతే. దుప్పటి తీసుకెళ్ళి వీధిలో కప్పి వచ్చేవాడు." గ్లాసు నా వైపు జరిపి, "తాగు" అంది. "పారబోస్తే వాసన పడతారు."

తాగాం.

ఒకటి నీకే చెబుతున్నాను. ఆ రోజు తోక విసిరింది ఎవరి మీద కోపంతోనో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ముసలి కుక్క చెయ్యి మీదనా, నోరు మూసుకోమన్న వీధి మీదనా, నా బొచ్చు తీసుకెళ్ళి పరాయి పిల్లలకు చుట్టిన ఆయన మీదనా. ఆ పిల్లలు ఇప్పుడు లేరు, వాళ్ళ మీద కూడా కోపం వచ్చిందేమో. గోడ దాకా నడిచినంతసేపూ ఆయన ఆ కోపం తన మీది ప్రేమ వల్లేననుకుని వెళ్ళారు. అయి ఉండవచ్చు. అనుకోనిచ్చాను.

ఈ కాగితాల్లో ఉన్నది నా ఒక్కదాని సంగతి కాదని నీకు అర్థమయ్యే ఉంటుంది. మన వీధి ఉంది, మీ ఉప్పు మడుల పిల్లివాళ్ళున్నారు, ఇంకా కళ్ళు తెరవని పిల్లలున్నారు. దాచుకోవాలనిపిస్తుంది నీకు, నా రాత ఇంకెప్పుడు చూస్తావో తెలియదు కనుక. దాచకు. ఉప్పు కాచే పొయ్యిలో వెయ్యి. ఒక్కొక్క కాగితం విడివిడిగా వెయ్యి, లేకపోతే మడతల్లో మాటలు మిగిలిపోతాయి. బూడిద ఉప్పునీళ్ళలో కలిపెయ్యి. అవి కాలుతుంటే నీ తోక ఆగదు, ఆపడానికి చూడకు. దారిన పోయే కుక్కదొర ఎవరైనా చూస్తే, అక్కగారు ఎంత సంతోషంగా ఉన్నారో అనుకుంటాడు. అనుకోనీ. కాల్చెయ్యి అక్కా.

నీ చెల్లెలు,
సన్నమ్మ